ఫ్లై కట్టే వైసు కొనేముందు మీ హుక్ సైజు చూసుకోండి

కోనసీమ వైపు ఫ్లై ఫిషింగ్ మొదలుపెట్టినవాళ్లు రాడ్డు, రీలు కొన్న కొన్నాళ్లకే ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతారు. "వైసు కొందామనుకుంటున్నానండి, హుక్‌ని గిర్రున తిప్పే రోటరీ తీసుకోమంటారా, మామూలుది సరిపోద్దా?" నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది, ఏ చేపకి ఏ సైజు హుక్ మీద కడతారు? రెండోది, ఎక్కడ కూర్చుని కడతారు? ఈ రెండూ తేలితే రోటరీ సంగతి దానంతటదే తేలిపోతుంది. తలకిందులుగా మొదలుపెడితే మాత్రం వేలకు వేలు పోసి, మీ హుక్‌ని పట్టుకోలేని వైసు కొనుక్కుంటారు.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. హుక్ కాడ మీద ఈకలు, వెంట్రుకలు, మెరిసే పోగులు దారంతో బిగించి, చిన్న చేపలాగానో రొయ్యలాగానో పురుగులాగానో కనిపించేట్టు చేస్తే అది ఫ్లై. ముడిసరుకుకి మన దగ్గర లోటు లేదు. డేగ, కాకి, నెమలి రకం కోడిపుంజుల మెడ ఈకలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. మేక తోక వెంట్రుకలు అడిగితే ఊరికే ఇస్తారు. ఉప్పాడ మగ్గాల దగ్గర మిగిలిన జరీ పోగులు నీళ్లలో చేప పొలుసుల్లా తళతళలాడతాయి. ఇబ్బంది వచ్చేదల్లా పనిముట్ల దగ్గరే, అందులోనూ వైసు దగ్గర. రెండు చేతులూ దారానికీ ఈకకీ కావాలి కాబట్టి హుక్‌ని ఇంకెవరో పట్టుకోవాలి, ఆ పని వైసుది. అమెరికాలో లీ వుల్ఫ్ అనే పెద్దాయన వైసు లేకుండా వేళ్ల మధ్యే చిన్న చిన్న ఫ్లైలు కట్టేవాడు. మనకెందుకొచ్చిన తంటా.

ముందు హుక్ అంకెల లెక్క. అంకె పెరిగేకొద్దీ హుక్ చిన్నదవుతుంది. 6 కంటే 10 చిన్నది, 10 కంటే 16 ఇంకా చిన్నది. 1 దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. 1/0 అంటే 1 కంటే పెద్దది, 2/0 దానికంటే పెద్దది. పలికేటప్పుడు వన్-ఓ, టూ-ఓ అంటారు. కంపెనీని బట్టి కొలతలు కాస్త అటూ ఇటూ అవుతాయి. సైజుతోపాటు తీగ మందం కూడా మారుతుంది, అసలు కిటుకు అక్కడే ఉంది. పురుగు ఆకారంలో కట్టే 12 నంబరు సన్న హుక్ తీగ అర మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటే, ఉప్పునీటి 2/0 హుక్ తీగ దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుంది. కాకినాడ, నరసాపురం వైపు వేట సామాన్ల షాపుల్లో దొరికే ముస్తాద్ లాంటి తాళ్ల వేట హుక్కులైతే ఇంకాస్త మొరటు.

వైసుల గురించి ఇంగ్లీషులో దొరికే రాతలు, వీడియోలు ఎక్కువ భాగం ట్రౌట్ వేటగాళ్లవి. అది చన్నీటి వాగుల చేప, దానికి 12 నుంచి 20 దాకా చిన్న హుక్కులు వాడతారు. అక్కడ "ఈ వైసు అద్భుతం" అని రాశారంటే 16 నంబరు హుక్‌కి అద్భుతమని అర్థం. మన దగ్గర అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోటుకీ, యానాం కింద గౌతమి పాయలకీ పండుగప్ప కోసం వెళ్తే 1/0 నుంచి 3/0 దాకా కావాలి. కాలువల్లో, చెరువు గట్ల వెంట నాచు మధ్య కొర్రమీనుకి 2 నుంచి 2/0 దాకా, నాచు తగులుకోకుండా ముందు తీగ కాపు పెట్టి కడతారు. పరిగెలకీ తిలాపియాకీ 10 నుంచి 14 చాలు. ఇంతలో పులస గురించి ఎవరో ఒకరు అడుగుతారు. అది నీళ్లలోని సూక్ష్మజీవుల్ని వడకట్టుకు తినే చేప, వరదకి ఎదురెక్కేటప్పుడు వలకి దొరుకుతుంది. దానికోసం వైసు కొనక్కర్లేదు.

అంటే డెల్టాలో ఉన్నవాడికి వైసు ప్రధానంగా పెద్ద హుక్‌ని కదలకుండా పట్టాలి. చిన్నవాటిని కూడా పడితే సంతోషం.

పట్టు ఎంత అవసరమో క్లౌజర్ మిన్నో కట్టి చూస్తే తెలుస్తుంది. అమెరికాలో సస్క్వెహానా నది మీద గైడుగా ఉన్న బాబ్ క్లౌజర్ అనే ఆయన 1980లలో అక్కడి స్మాల్‌మౌత్ బాస్ అనే చేప కోసం కట్టిన ఫ్లై ఇది. మన పండుగప్పకీ బాగానే పనిచేస్తుంది. కాడ మీద, హుక్ కన్నుకి (లైను కట్టే రంధ్రానికి) కాస్త వెనకగా, డంబెల్ ఆకారంలో ఉండే బరువైన లోహపు కళ్లు పెట్టి, దారాన్ని ఎనిమిది అంకెలా అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చుట్టి బిగించాలి. దారం తెగడానికి ఒక్క పిసరు ముందు వరకూ లాగాలి, లేకపోతే నాలుగు విసుర్లకే కళ్లు కాడ చుట్టూ తిరిగిపోతాయి. వైసు హుక్‌ని పట్టుకునేది వంపు దగ్గర, మీరు లాగేది కన్ను దగ్గర. 2/0 హుక్‌లో ఆ రెంటికీ మధ్య మూడు సెంటీమీటర్ల దాకా దూరం ఉంటుంది. ఆ దూరమంతా మీటలా పనిచేసి, హుక్‌ని పట్టే వైసు దవడల్లో దాన్ని కిందికి తిప్పేస్తుంది. 14 నంబరు హుక్‌లో ఆ దూరమూ తక్కువే, దారం లాగే బలమూ తక్కువే. అందుకే ట్రౌట్ వాళ్లు మెచ్చుకున్న వైసు మన చేతికొచ్చాక హుక్‌ని వదిలేస్తుంటుంది.

ఇప్పుడు దవడల సంగతి. బిగించే పద్ధతిని బట్టి స్థూలంగా మూడు రకాలు.

లేతు పని తెలిసినవాళ్లు కాలెట్ అంటే ఇట్టే గుర్తుపడతారు. చీలిక ఉన్న ఉక్కు కడ్డీని, లోపల ఏటవాలుగా కోసిన గొట్టంలోకి లివర్‌తో వెనక్కి లాగితే చీలిక మూసుకుని హుక్‌ని పడుతుంది. అమెరికాలో చాలా ఏళ్లు ఇంటింటా ఉన్న థాంప్సన్ మోడల్ ఎ ఈ రకమే. దాని నమూనాలో చవకగా చేసినవి మన దేశంలోనూ తయారవుతాయి, ఆన్‌లైన్‌లో ముందుగా కనిపించేవి అవే. 8 నుంచి 14 దాకా హాయిగా పనిచేస్తాయి. 2/0 పెడితే చీలిక బాగా తెరుచుకుని మొనలు సమాంతరంగా ఉండవు, ఒక అంచు దగ్గరే హుక్‌ని తాకుతాయి. ఆ ఒక్క చోటే ఒత్తిడంతా పడుతుంది. చవకరకాల్లో ఉక్కుకి సరైన గట్టిదనం ఉండదు కాబట్టి కొన్నాళ్లకి హుక్ తీగ ఆకారంలో దవడకే గాడి పడుతుంది. ఆ తర్వాత చిన్న హుక్ కూడా నిలవదు.

రెండోది క్యామ్ రకం. రెండు దవడలు విడివిడిగా ఉంటాయి. ముందున్న మర వాటి మధ్య ఎడం సరిచేస్తుంది. వెనక లివర్ తిప్పితే, ఒక పక్క ఉబ్బుగా ఉన్న క్యామ్ దవడల తోకల్ని విడదీస్తుంది. తోకలు దూరమైతే మొనలు దగ్గరవుతాయి. డైనా-కింగ్ లాంటి పేరున్న కంపెనీలు ఈ పద్ధతినే నమ్ముకున్నాయి. బలంలో దీనికి సాటి లేదు గానీ, సైజు మార్చినప్పుడల్లా మర సరిచేసుకోవాలి. చాలామంది ఇక్కడే వైసు పాడుచేస్తారు. లివర్ తెరిచి ఉంచి, హుక్ పెట్టి, అది జారిపోకుండా అలాగని ఇరుక్కోకుండా నిలిచేంతవరకు ముందు మర తిప్పండి. ఇప్పుడు లివర్ నెమ్మదిగా నొక్కండి. సగం దారికి వచ్చేసరికి బిగువు తగలాలి, చివరి వరకూ బొటనవేలితోనే వెళ్లాలి. మొదట్లోనే అడ్డుకుంటే ఎడం తక్కువైనట్టు. చివరిదాకా ఊరికే పోతే ఎక్కువైనట్టు. అడ్డుకుంటున్నదాన్ని అరచేత్తో బలంగా నెట్టేస్తే ఆ పూటకి హుక్ నిలుస్తుంది, దవడ మొనలు మాత్రం మెల్లగా వంకర తిరుగుతాయి.

మూడోది స్ప్రింగ్ రకం, దీనికి రీగల్ కంపెనీ ప్రసిద్ధి. బట్టలు ఆరేసే క్లిప్పులా మామూలుగా మూసుకునే ఉంటుంది, లివర్ నొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే స్ప్రింగ్ బలమే హుక్‌ని పడుతుంది. సరిచేసుకునే మర అంటూ లేదు. ఒక పండుగప్ప ఫ్లై కట్టి, వెంటనే పరిగెకి ఒకటి కట్టాలంటే ఇంతకంటే సుఖం ఇంకోటి లేదు. దవడలు బొద్దుగా ఉండడంతో 14 కంటే చిన్న హుక్ వెనక వేలు పెట్టడానికి చోటు చాలదు, కానీ మనకి ఆ అవసరం అరుదు. మరీ మందపు హుక్కులు వాడేవాళ్ల కోసం గాడి చెక్కిన పెద్ద దవడలు కూడా ఆ కంపెనీ ఇస్తుంది. లివర్ నొక్కడానికి మాత్రం పిడికిట్లో కాస్త సత్తువ ఉండాలి.

నన్నడిగితే పండుగప్ప మీదే దృష్టి ఉన్నవాడికి క్యామ్, అన్ని చేపలూ చూసేవాడికి స్ప్రింగ్. కాలెట్ రకం చవకగా దొరికితే చెయ్యి తిరగడానికి తీసుకోవచ్చు, దాంతో 1 నంబరు దాటి పెద్ద హుక్ మాత్రం పెట్టకండి.

కొనేముందు చేత్తో చూసే వీలుంటే, మీరు వాడే అతిపెద్ద హుక్ ఒకటి జేబులో వేసుకెళ్లండి. బిగించి, కన్ను మీద వేలు పెట్టి కిందికి నొక్కండి. కాడ విల్లులా కాస్త వంగి, వదలగానే తిరిగి లేవాలి. దవడల దగ్గర హుక్ ఇసుమంతైనా తిరిగితే ఆ వైసు వద్దు. గోటితో కన్నుని మీటితే టింగుమని మోగాలి, చప్పగా వినిపిస్తే పట్టు అరకొరే. తర్వాత హుక్ తీసేసి దవడలు మూసి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. మొనల దగ్గర వెలుతురు కనిపిస్తుంటే చిన్న హుక్కులు జారతాయి. ఆన్‌లైన్‌లో కొంటే ఇదే పరీక్ష పార్సిలు విప్పిన రోజే చేయండి, వాపసు గడువు దాటాక చేసి లాభం లేదు.

హుక్ పెట్టే తీరు మీద ఒక మాట. హుక్ మొన, దాని వెనకున్న ముల్లు అన్నీ దవడల లోపలికి దాచేస్తే దారం మొనకి తగిలి తెగదు, నిజమే. కానీ ముల్లు కోసిన చోట హుక్ తీగ సన్నగా ఉంటుంది, గట్టిదనం ఎక్కించిన ఉక్కు పెళుసుగానూ ఉంటుంది. అక్కడ గట్టిగా నొక్కితే కంటికి కనిపించని పగులు పడి, చేప గుంజినప్పుడు విరుగుతుంది. వంపు అడుగు భాగాన్ని మాత్రమే పట్టించి మొనని బయటికి వదలడం మంచిది. దారం నాలుగైదుసార్లు తెగుతుంది, చెయ్యి అలవాటు పడ్డాక తెగదు.

ఇక రెండో ప్రశ్న, ఎక్కడ కూర్చుంటారు. బల్ల అంచుకి బిగించే సి క్లాంప్ ఒకటి, బరువైన ఇనుప దిమ్మ మీద నిలబడే పెడెస్టల్ ఒకటి. క్లాంప్ కదలదు, దారం ఎంత లాగినా ఇబ్బంది లేదు, ఎత్తు కూడా మార్చుకోవచ్చు. కాకపోతే అంచు ఉన్న బల్ల కావాలి, ఆ అంచు మందం క్లాంప్ నోటికి సరిపోవాలి. పాతకాలపు టేకు బల్లలకి అంచు కింద పట్టీ ఉంటుంది, క్లాంప్ దూరదు. గ్రానైట్ పలక అయితే మధ్యలో చెక్కముక్క వేసి బిగించాలి. డైనింగ్ టేబుల్‌కి బిగిస్తే నొక్కుడు గుర్తు పడుతుంది, ఇంట్లో మాట పడుతుంది. పెడెస్టల్ అయితే కిటికీ పక్కకో అరుగు మీదికో వెలుతురున్న చోటుకి తీసుకుపోవచ్చు. రెండు కిలోలకు తగ్గితే పెద్ద హుక్ మీద లాగినప్పుడు ముందుకి ఒరుగుతుంది.

మూడోది రోటరీ. ఇందులో అమ్మేవాళ్ల మాయ కొంచెం ఉంది. తల తిరిగే ప్రతి వైసునీ రోటరీ అనేస్తున్నారు. అసలు రోటరీలో హుక్ కాడ, వైసు తిరిగే ఇరుసు ఒకే గీత మీద ఉంటాయి. తిప్పితే కాడ ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, కన్ను పైకీ కిందికీ ఊగదు. రెంజెటి కంపెనీ వైసుల్లో దవడలు పట్టే చెయ్యి వంపు తిరిగి ఉండేది ఇందుకే. మామూలుగా తిరిగే తలలో హుక్ పెద్ద సున్నా చుడుతుంది, అవతలి పక్క చూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

నిజమైన రోటరీ లాభం దారం, ఈక చుట్టేటప్పుడు తెలుస్తుంది. హుక్ కదలకుండా ఉండి మీరు బాబిన్‌ని (దారపు ఉండని పట్టే పనిముట్టుని) దాని చుట్టూ తిప్పితే, ఒక్కో చుట్టుకి దారంలో ఒక్కో మెలి పడుతుంది. మెలి పడిన దారం గుండ్రంగా, ఎత్తుగా కూర్చుంటుంది. మధ్యమధ్య బాబిన్‌ని ఎదురు తిప్పి మెలి తీయాలి. నరసాపురం లేసు అల్లినవాళ్లకి ఈ మెలి గొడవ విడిగా చెప్పక్కర్లేదు. హుక్కే తిరుగుతూ దారం నిలకడగా ఉంటే ఆ మెలి పడదు, జరీ పోగు పక్కపక్కనే నున్నగా కూర్చుంటుంది. ఈ సూత్రాన్ని నార్మ్ నార్లాండర్ అనే ఆయన చివరిదాకా తీసుకెళ్లి, ఒక్క తోపుకి చాలా చుట్లు తిరిగే నార్‌వైజ్ అనే వైసు తయారుచేశాడు. చూడ్డానికి భలేగా ఉంటుంది.

కానీ మనం కట్టే ఫ్లైలలో ఆ చుట్టే పని ఎంత? క్లౌజర్‌లో చుట్టే సామాను దాదాపు లేదు, వెంట్రుకలు పరచి కట్టడమే. ఆ బరువు కళ్ల వల్ల హుక్ నీళ్లలో మొన పైకి పెట్టి పోతుంది కాబట్టి, కట్టేటప్పుడు ఒకసారి తలకిందులు చేయాలి. దానికి అరచుట్టు తిరిగి అక్కడ గట్టిగా నిలబడే తల చాలు. కొర్రమీను ఫ్లై కూడా అంతే. 12 నంబరు హుక్ మీద పుంజు మెడ ఈకని వరసగా చుట్టి పరిగె ఫ్లైలు డజన్లకొద్దీ కట్టేవాళ్లకి మాత్రం అసలు రోటరీ మీద పెట్టిన డబ్బు వృథా పోదు. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. రోటరీ పిడి మామూలుగా కుడిచేతి వాళ్ల కోసం ఉంటుంది, ఎడమచేతి రకం విడిగా అడిగి తెప్పించుకోవాలి.

ఏదీ కొనకుండా మొదలుపెట్టే దారి కూడా ఉంది. మెకానిక్కుల దగ్గర ఉండే లాకింగ్ గ్రిప్ ప్లయర్‌ని బెంచి వైసులో అడ్డంగా బిగిస్తే 2/0, 3/0 హుక్కుల్ని మొండిగా పట్టుకుంటుంది. అందం లేదు, వెనక వేలు పెట్టే చోటు లేదు, హుక్ మీద పళ్ల గుర్తులు పడతాయి. అయినా చవక కాలెట్ వైసు కంటే పెద్ద హుక్‌ని ఇదే బాగా పడుతుంది. కంసాలి పని వాళ్ల పిన్ వైసు దీనికి సరిగ్గా ఎదురు. 10 నుంచి 14 దాకా పడుతుంది, పెద్దవి పట్టదు.

మన గాలి సంగతి విదేశీ సమీక్షల్లో ఉండదు. దవడలకి గట్టిదనం కోసం వాడే టూల్ స్టీలుకి తుప్పు తొందరగా పడుతుంది. ఓడలరేవు, అంతర్వేది వైపు ఇళ్లలో ఉప్పు గాలికి వానాకాలం ఒక్కటి చాలు, దవడ మీద ఎర్రచుక్కలు వచ్చేస్తాయి. పని అయ్యాక కుట్టుమిషను నూనె గుడ్డతో తుడిచి, మూతపడే డబ్బాలో పెట్టండి. కోనసీమలో చేతికందేది కొబ్బరినూనే గానీ అది వద్దు, దుమ్ము పట్టి మెల్లగా జిగురవుతుంది, క్యామ్ బిగుసుకుపోతుంది. మళ్లీ కట్టడానికి కూర్చున్నప్పుడు దవడల లోపలి ముఖాల్ని స్పిరిట్‌తో తుడవండి. నూనె మిగిలితే ఎంత మంచి వైసులోనైనా హుక్ జారుతుంది. దవడలు విడిగా మార్చుకునే వీలున్న మోడలైతే ఒక జత అదనంగా అప్పుడే తెప్పించుకోవడం మేలు, తర్వాత ఆ ఒక్కదాని కోసం కొరియరు, కస్టమ్స్ మళ్లీ కట్టాలి.

ధర దగ్గరికొస్తే, పేరున్న అమెరికా వైసులు చాలావరకు 200 డాలర్ల పైమాటే. రవాణా, సుంకం ఆపైన. ఇందులో ఆదా చేసే చోటు ఒకటుంది. పెడెస్టల్ రకంలో బరువంతా ఇనుప దిమ్మే, దాన్ని సముద్రాలు దాటించడం దండగ. క్లాంప్ రకం తెప్పించుకుని దిమ్మ ఇక్కడే చేయించుకోండి. చాలా వైసుల నిలువు కడ్డీ మందం 3/8 అంగుళం, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. ఆరంగుళాల చదరం, అరంగుళం మందం ఉన్న ఇనుప పలక రెండు కిలోల పైనే తూగుతుంది. పాలకొల్లులోనో భీమవరంలోనో ఏ లేతు షాపులోనైనా పలక మీద ఒక గుండ్రటి కాలరు వెల్డు చేసి, అందులో కడ్డీకి సరిపడా రంధ్రం వేసి, పక్కన గ్రబ్ స్క్రూ (తల లేని మర) పెట్టిస్తారు. "ఇంత చిన్న కొక్కేనికి ఇంత ఇనుమెందుకండీ?" అని మేస్త్రీ అడుగుతాడు, అడగనివ్వండి. రంధ్రం మాత్రం పలక మధ్యలో వద్దు, ఒక అంచుకి దగ్గరగా వేయమనండి. అప్పుడు పలక ఎక్కువ భాగం హుక్ కిందికి వస్తుంది, దారం ఎంత లాగినా దిమ్మ ఒరగదు. కింద సైకిల్ ట్యూబు ముక్క అంటిస్తే బల్ల మీద జారదు, గీతలూ పడవు.